ఉప్పుగాలికి బ్రష్షు చాలదు

రుషికొండ దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ అపార్ట్‌మెంటు గోడనైనా చూడండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను మోసే ఇనుప స్టాండు కింద గోధుమరంగు చారలు కిందికి జారి ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ చార మొదలయ్యే చోటు తెలుస్తుంది. స్టాండు చదునుగా ఉన్నంత మేర రంగు బాగానే నిలిచి ఉంటుంది. వెల్డింగ్ పడిన మూలలో, బోల్టు దిగిన కన్నం అంచున, చతురస్రపు గొట్టం లోపలి గోడ మీద తుప్పు పుట్టి, అక్కణ్ణించి బయటికి పాకుతుంది. పైన వేసిన రంగు ఎంత ఖరీదైనదైనా, అది చేరని చోటే వస్తువు ఆయుష్షు ఎంతో తేల్చేస్తుంది. విశాఖలో తుప్పు గురించి మాట్లాడేటప్పుడు రంగు నాణ్యత గురించే ఎక్కువగా మాట్లాడుతున్నాం. మాట్లాడవలసింది ఆ రంగును మూలమూలకూ చేర్చే పద్ధతి గురించి. కార్ల కర్మాగారాల్లో అరవై ఏళ్లుగా ఉన్న ఆ పద్ధతి ఈ తీరంలోని చిన్న పరిశ్రమలకు ఉమ్మడి సౌకర్యంగా అందాలన్నది ఈ వ్యాసం వాదన.

ముందు శత్రువును తెలుసుకోవాలి. ఒడ్డున అల విరిగిన ప్రతిసారీ సన్నని ఉప్పునీటి తుంపర గాలిలోకి లేచి ఇనుము మీద వాలుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే ఆ తేమను పీల్చి నీరవుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు, ముఖ్యంగా రాత్రిళ్లు, తేమ ఆ గీతకు అటూ ఇటూగా లేదా పైనే ఉంటుంది. అంటే చుక్క వాన పడకపోయినా ఇక్కడి ఇనుము తడిగానే ఉంటుంది, అదీ కరెంటును చక్కగా పారనిచ్చే ఉప్పునీటితో. ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు జారిపోవడమే తుప్పుకు మొదలు, కాబట్టి స్వభావంలో అది విద్యుత్ చర్య. పుట్టిన తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద బొబ్బలు లేస్తాయి, రంగు పగులుతుంది, ఆ పగులులోంచి మళ్లీ ఉప్పు దిగుతుంది. తీరప్రాంతాలకూ లోతట్టు ప్రాంతాలకూ ఈ విషయంలో ఎంత తేడా ఉందో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశపు తుప్పు పటంలో ఏనాడో చూపించింది.

విద్యుత్తుతో వచ్చే తెగులుకు విద్యుత్తుతోనే వైద్యం చేసేది ఎలక్ట్రోఫోరెటిక్ పూత. షాపుల్లో దీన్ని ఈడీ కోటింగ్ అనీ, సీఈడీ అనీ అంటారు. తొట్టిలో ఉండేది చాలావరకు నీళ్లే. లవణాలు తీసేసిన ఆ నీటిలో 15 నుంచి 20 శాతం మాత్రమే ఎపాక్సీ రెజిన్, రంగుపొడి కలిసిన ఘనపదార్థం. రెజిన్ కణాలకు ధన విద్యుదావేశం ఉంటుంది. వస్తువును ముంచి, దాన్ని రుణ ధ్రువంగా చేసి, 200 నుంచి 350 వోల్టుల డీసీ కరెంటు ఇస్తారు. లోహం ఉపరితలం దగ్గర నీరు విడిపోయి అక్కడ క్షారగుణం పెరుగుతుంది. అక్కడికి చేరిన కణాలు ఆవేశం పోగొట్టుకుని పాలు విరిగినట్టు గడ్డకట్టి లోహానికి అతుక్కుంటాయి. అసలు నేర్పంతా ఇక ముందు ఉంది. పూత పడిన చోట కరెంటుకు అడ్డు పెరుగుతుంది. దాంతో కరెంటు ఇంకా పూత పడని చోటును వెతుక్కుంటూ వెళ్తుంది. మొదట బయటి ముఖం, తర్వాత మడత, ఆ తర్వాత గొట్టం లోపల. రెండు మూడు నిమిషాల్లో, తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు, అంటే 20 మైక్రాన్ల పొర దాదాపు అన్నిచోట్లా ఒకేలా పరుచుకుంటుంది. తర్వాత కడిగి, 160 నుంచి 180 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు కాలిస్తే అది గట్టిపడుతుంది. కడిగిన నీళ్లలో కొట్టుకొచ్చిన రంగును సన్నటి పొరల వడపోతతో మళ్లీ తొట్టికే చేరుస్తారు కాబట్టి వృథా చాలా తక్కువ. స్ప్రే గన్‌తో కొట్టేటప్పుడు గాలికి పోయే రంగును చూసినవారికి ఈ పొదుపు విలువ తెలుస్తుంది.

ఈ పద్ధతి ఎదిగిన తీరు మనకు పనికొచ్చే పాఠం. అమెరికాలో ఫోర్డ్ సంస్థ 1960ల మొదట్లో దీన్ని కార్ల తయారీలోకి తెచ్చింది. అప్పట్లో వస్తువు ధన ధ్రువంగా ఉండేది, దాంతో లోహం కొద్దిగా కరిగి పూతలో కలిసేది. 1970ల మధ్యలో ధ్రువాలు తిరగేసిన కేథోడిక్ పద్ధతి కార్ల బాడీలకు వచ్చింది, పదేళ్లలో ప్రపంచమంతా దాని బాట పట్టింది. అంత వేగంగా మారడానికి ఒక పెద్ద కారణం ఉప్పే. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల తలుపుల అడుగును లోపలి నుంచి తినేసేది. వాళ్లు ఏడాదిలో కొన్ని నెలలు రోడ్డు మీద చల్లుకునే ఉప్పును మనకు బంగాళాఖాతం పన్నెండు నెలలూ చల్లుతోంది. అయినా మన రాష్ట్రంలో ఈడీ తొట్లు ప్రధానంగా వాహన కర్మాగారాల ప్రహరీల లోపలే ఉన్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. దేశంలోనే అతి తక్కువ వానలు పడే ప్రాంతాల్లో అదొకటి. అక్కడ ప్రతి కారు బాడీ ఈ తొట్టిలో మునిగే బయటికొస్తుంది. తుప్పు పెద్దగా ఎరగని నేల మీద అంత పకడ్బందీ ఉండగా, ఉప్పుగాలి కొట్టే గాజువాక ఆటోనగర్‌లో తయారయ్యే బ్రాకెట్టుకు, ప్యానెల్ బాక్సుకు, గ్రిల్లుకు ఇప్పటికీ రెడ్ ఆక్సైడ్ ఒక చేయి, ఎనామెల్ రెండు చేతులు. మరీ జాగ్రత్తపరుడైతే పౌడర్ కోటింగ్.

పౌడర్ కోటింగ్ ఉండగా ఇదెందుకని అడిగేవారున్నారు, న్యాయమైన ప్రశ్నే. పౌడర్ పొర మందంగా 60, 80 మైక్రాన్లు పడుతుంది, చూపుకు బాగుంటుంది, ఎండకూ తట్టుకుంటుంది. కానీ విద్యుత్ క్షేత్రం లోతైన మూలల్లోకి దిగదు కాబట్టి పొడి అక్కడ నిలవదు. గొట్టం లోపలికైతే వెళ్లనే వెళ్లదు. జింకు మాటేమిటి? కరెంటు స్తంభాలకు, రోడ్డు పక్క రక్షణ కంచెలకు, బరువైన దూలాలకు గాల్వనైజింగ్‌ను మించింది లేదు, అక్కడ ఈడీ పోటీకి రానక్కర్లేదు. అయితే 450 డిగ్రీల జింకు ద్రవంలో ముంచితే పలుచని రేకు వంగిపోతుంది, మరలు పూడిపోతాయి. పైగా సముద్రం పక్కన జింకు కూడా త్వరగానే కరిగిపోతుంది. ఈడీకీ లోపాలున్నాయని ఒప్పుకోవాలి. ఎపాక్సీ ఎండకు పొడిబారుతుంది, బయట ఉండే వస్తువుకు పైన మరో పొర తప్పదు. పదునైన అంచుల మీద కాలుస్తున్నప్పుడు పూత పలచబడుతుంది, ముందే అంచు గుండ్రం చేయాలి. ఓడ పలకలకూ వంతెన దూలాలకూ ఇది పనికిరాదు. 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న విశాఖ ఉక్కు ప్రధానంగా తీసేది కమ్మీలు, తీగచుట్టలు. వాటి లెక్క వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది తొట్టిలో పట్టే రేకు, గొట్టం, ఫాబ్రికేషన్ సరుకు గురించే.

బలమైన అభ్యంతరం డబ్బుది. చిన్న లెక్క వేసి చూద్దాం. మూడు వేల లీటర్ల తొట్టి చిన్న తొట్టి కిందే లెక్క. అందులో ఘనపదార్థం సుమారు 500 కిలోలు. 20 మైక్రాన్ల పొరకు చదరపు మీటరుకు 26 గ్రాములు పడుతుంది. అంటే ఆ తొట్టిలో రంగు ఒకసారి పూర్తిగా వాడుక కావాలంటే ఇరవై వేల చదరపు మీటర్ల దాకా పూయాలి. అన్ని ముఖాలూ కలిపి అర చదరపు మీటరుండే బ్రాకెట్లయితే దాదాపు 40 వేలు. కొన్ని నెలల్లో అది జరగకపోతే రంగు పాతబడి పూత చెడుతుంది. పనున్నా లేకున్నా తొట్టిని రాత్రింబవళ్లు కలుపుతూనే ఉండాలి, ఆపితే ఘనపదార్థం అడుగుకు దిగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఈ నగరం ఎన్ని రోజులు చీకట్లో ఉందో గుర్తున్నవారికి, జనరేటరు లేని ఈడీ తొట్టి గతేమిటో చెప్పనక్కర్లేదు. కాబట్టి ఏ ఒక్క చిన్న షాపూ దీన్ని సొంతంగా పెట్టుకోలేదు. నిజమే, కానీ ఈ లెక్క రుజువు చేసేది ఒంటరిగా కుదరదనే. ముప్పై నలభై షాపుల సరుకు ఒకే తొట్టికి వస్తే ఆ 40 వేల బ్రాకెట్లు పెద్ద సంఖ్య కాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల సమూహాలకు ఉమ్మడి సౌకర్య కేంద్రాలు పెట్టడానికి ఖర్చులో పెద్ద భాగం గ్రాంటుగా ఇచ్చే కేంద్ర పథకం ఇప్పటికే ఉంది. ప్రతి నియోజకవర్గంలో ఎంఎస్‌ఎంఈ పార్కు పెడతామని రాష్ట్ర ప్రభుత్వం అంటోంది. పార్కుకు రోడ్డు, నీళ్లు, కరెంటు ఎంత అవసరమో, తీరంలోని పార్కుకు పూత కేంద్రం అంతే అవసరం.

మరో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన తర్వాత, రసాయనాల తొట్టి అన్నమాట వినగానే విశాఖ జనం ఉలిక్కిపడటం సహజం, ఆ హక్కు వాళ్లకుంది. ఈడీ తొట్టిలో ఉన్నది ప్రధానంగా నీరు, ఆవిరై ఊరి మీద పడే సరుకు కాదు. ద్రావకంలో కలిపి స్ప్రే కొట్టే రంగుల కంటే గాలికి ఇది మేలే. అసలు జాగ్రత్త దానికి ముందు దశలో కావాలి. నూనె జిడ్డు కడిగి జింక్ ఫాస్ఫేట్ పట్టించేటప్పుడు వచ్చే బురద చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అందులో నికెల్ కూడా ఉండొచ్చు. ఫాస్ఫేట్ బదులు జిర్కోనియం వాడితే బురద చాలా తగ్గుతుంది. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఇప్పుడు వీధివీధినా షెడ్లలో తుడిచి పారబోస్తున్న థిన్నరుకూ, యాసిడ్ నీళ్లకూ లెక్క అడిగేవారు లేరు. నలభై చోట్ల కనిపించకుండా పారే మురుగు కంటే మీటరు పెట్టిన ఒకే చోట పారేదాన్ని పట్టుకోవడం సులువు. పరవాడలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం దగ్గర్లోనే ఉంది.

ఇక కొనేదెవరు? నాలుగు డబ్బులు ఎక్కువైతే కొనుగోలుదారు పక్క షాపుకు పోతాడన్నది ఆటోనగర్ యజమానుల భయం. ఆ భయాన్ని తీర్చగల పెద్ద కొనుగోలుదారులు ఈ ఊళ్లోనే ఉన్నారు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం విశాఖలోనే ఉంది. మీటరు పెట్టెలు, పంపిణీ బాక్సులు అది కొంటుంది. నగరపాలక సంస్థ బీచ్ రోడ్డు పొడవునా బెంచీలు, రెయిలింగులు వేస్తుంది. టెండరులో ‘యాంటీ కరోజన్ పెయింట్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, లోపలి ముఖాల మీద పూత మందం ఎన్ని మైక్రాన్లుండాలో, ఉప్పుపొగ పరీక్షలో ఎన్ని గంటలు నిలవాలో రాస్తే మార్కెట్ తనంతట తానే పుడుతుంది. ఆ పరీక్షను మాత్రమే నమ్ముకోవడం కూడా సరిపోదు. 5 శాతం ఉప్పునీటి పొగలో 35 డిగ్రీల దగ్గర ఎడతెగకుండా ఉంచే ఆ పెట్టెలో ఎండ ఉండదు, రాత్రి మంచు ఉండదు, తడి ఆరడం మళ్లీ తడవడం ఉండదు. అవన్నీ ఉన్న పరీక్షశాల రుషికొండ ఒడ్డునే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మెటలర్జీ విభాగం లాంటివి పూనుకుంటే, సముద్రానికి ఎదురుగా వాలుగా ఒక చట్రం నిలబెట్టి, రెడ్ ఆక్సైడ్, పౌడర్, జింకు, ఈడీ, ఈడీ మీద పౌడర్ వేసిన రేకులనూ, కోసి చూడ్డానికి వీలైన గొట్టం ముక్కలనూ వరసగా బిగించి, ఒక్కో రేకు మీద లోహం తేలేదాకా అడ్డంగా రెండు గీతలు గీసి వదిలేయవచ్చు. రెండు వానకాలాలు దాటాక ఆ గీత పక్కన టేపు అంటించి లాగితే తుప్పు ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో స్కేలుతో కొలవవచ్చు. గొట్టాన్ని నిలువునా కోస్తే లోపలి గోడ సంగతి కూడా తేలిపోతుంది.