తప్పు శిలీంధ్రానిదేనా?

2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ‘బ్లాక్ ఫంగస్’ను, అనగా మ్యూకర్‌మైకోసిస్‌ను, తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాదు కోఠీలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రి దాని చికిత్సకు కేంద్రమైంది. ఆస్ట్రేలియా సరిహద్దులు మూసియుండగా, మనలో అనేకులు కన్నవారి క్షేమం ఫోనులోనే తెలుసుకొనవలసి వచ్చింది.

అప్పుడు నింద అంతా శిలీంధ్రం మీదనే పడింది. నా అభిప్రాయం వేరు. దాని బీజాలు మట్టిలో, కుళ్ళిన ఆకులలో ఎల్లప్పుడూ ఉన్నవే. ఇక్కడి మన పెరటి ఎరువుకుప్పలలోనూ ఉంటాయి. శ్వాసతో ముక్కులోనికి చేరిన బీజాలను అక్కడి శ్లేష్మపు పొర పట్టి నెట్టివేస్తుంది. తప్పించుకొన్న వాటిని మాక్రోఫేజ్, న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు అణచివేస్తాయి. ఆరోగ్యవంతుని విషయంలో కథ అక్కడితో ముగుస్తుంది.

మధుమేహం అదుపు తప్పితే ఈ కణాలు మందగిస్తాయి. రక్తంలో ఆమ్లత పెరిగినకొద్దీ, ప్రోటీన్లు బంధించి ఉంచిన ఇనుము విడివడి శిలీంధ్రానికి పోషకమవుతుంది. స్టీరాయిడ్లు ఒకవైపు రక్షకకణాలను అణచి, మరొకవైపు చక్కెరను పెంచుతాయి. ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగిని కాపాడిన డెక్సామెథసోనే, అవసరం లేనివారికి ముప్పు కాగలదు.

కావున “అమ్మా, భోజనమైందా?” అని అడిగే మనం, “షుగరు ఎంతుంది? డాక్టరు వ్రాయని మాత్రలేమీ వేసుకోవడం లేదు కదా?” అని కూడా అడగాలి. వైద్యుడు వ్రాసిన స్టీరాయిడును తమంతట తాము మానరాదనీ చెప్పాలి. మధుమేహులకు ముఖం ఒకవైపు వాచినా, ముక్కునుండి నల్లని స్రావం కనిపించినా, ఆనాడే ఆసుపత్రికి చేర్చాలి. బీజాలు లేని గాలి ఎక్కడా దొరకదు. శరీరపు కాపలాను నిలుపుకొనడమే మన చేతిలో ఉన్నది.