భద్రపరచడం వేరు, అందించడం వేరు

సిద్ధాంతగ్రంథాన్ని ‘శోధగంగ’లో చేర్చగానే బాధ్యత తీరిందన్న అభిప్రాయం మన శాఖలలో బలంగా ఉంది. ఇది అంగీకరించదగినది కాదు. ఎలక్ట్రానిక్ ప్రతి సమర్పణను యు.జి.సి. 2009 నిబంధనలు తప్పనిసరి చేశాయి. ఆ ప్రతిలోని అక్షరం ఏ రూపంలో ఉండాలో మనం పట్టించుకోలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయినా ‘అను’ ఫాంట్లలో కూర్చిన గ్రంథాలనూ, కేవలం ఛాయాచిత్రాలైన పుటలనూ సమర్పిస్తూనే ఉన్నాం. వాటిలో ‘యక్షగానం’ అన్న మాట వందసార్లున్నా వెతికేవారికి దొరకదు. పూర్వపరిశోధన కంటబడనప్పుడు అదే అంశం మళ్లీ పరిశోధనకు ఎక్కుతుంది. తొలి పరిశోధకుల శ్రమ మరుగునపడుతుంది.

ఇది సాంకేతిక నిపుణుల పని అని తప్పుకోవడం సరికాదు. తాళపత్రాలకు వివరణాత్మక సూచికలు కూర్చినవారు పండితులే. యూనికోడ్ ప్రతి, తెలుగు సారాంశం, కీలకపదాలు లేని సిద్ధాంతగ్రంథాన్ని స్వీకరించరాదని శాఖలే తీర్మానించాలి.