పాంకో పొడికి ఆరోగ్య పట్టాభిషేకమా?

“పాంకో పొడి అద్ది వేయిస్తే కోడిమాంసం నూనె పీల్చదట. మధుమేహం ఉన్నవారు తినవచ్చునా డాక్టరుగారూ?” అని నర్సింహులపేట నుండి ఒక సోదరి అడిగారు. మహబూబాబాద్ జిల్లాలోని మండల కేంద్రం దాకా జపాను వంటదినుసు పేరు వచ్చినందుకు నాకు అభ్యంతరం లేదు. దాని వెంట ఒక అర్ధసత్యం కూడా వచ్చింది, నా తగవు దానితోనే.

పాంకో అంటే రొట్టెపొడి, అంతే. ‘పాన్’ అన్న మాట పోర్చుగీసువారి వల్ల జపానుకు చేరింది. మన పావ్ భాజీలోని పావ్ కూడా ఆ మూలం నుండి పుట్టినదే. ‘కో’ అంటే పొడి. దీని తయారీ విచిత్రమైనది: మైదా ముద్దను లోహపు పలకల నడుమ ఉంచి, దాని గుండా విద్యుత్తును ప్రసరింపజేసి ఉడికిస్తారు. బయటి నుండి సెగ తగలదు కనుక ఎర్రని పైపొర కట్టదు. ఆ తెల్లని రొట్టెను ముతక రేకులుగా తురిమి ఆరబెడతారు. రేకులు గుల్లగా ఉండడం వల్ల వేపుడు కరకరలాడుతుంది, సన్నని పొడి వలె జిడ్డుగా ముద్దకట్టదు.

ఇంతవరకు నిజమే. కాని ‘తక్కువ నూనె’ అన్నప్పుడు, దేనికంటే తక్కువ అని అడగవద్దా? సన్నని రొట్టెపొడి కంటే తక్కువ కావచ్చు. నిప్పులపై కాల్చిన మాంసం కంటే తక్కువ ఎట్లా అవుతుంది? పోషకాల లెక్కలో అది ఎండిన మైదా. పీచు స్వల్పం, పిండిపదార్థం అధికం. అందులో చేరిన ప్రతి గ్రాము నూనె 9 కిలోకేలరీలు మోసుకువస్తుంది. జపానులో పాంకో అద్దిన పందిమాంసపు టొంకట్సు పక్కన సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ వడ్డిస్తారు. మనవారు పొడిని తెచ్చుకొని క్యాబేజీని అక్కడే వదిలేశారు! దాని స్థానంలో మయొనైజు వచ్చింది. పచ్చిగుడ్డుతో చేసే ఆ మయొనైజును 2024లో తెలంగాణ ప్రభుత్వమే నిషేధించవలసి వచ్చింది.

బండిమీద తినేవారికి మరొక ప్రమాదం ఉన్నది. రాలిన రేకులు మూకుడులో మాడి నూనెను త్వరగా చెడగొడతాయి. మరిగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడరాదని 2018 జులై 1 నుండి నిబంధన అమలులో ఉన్నది. సాయంత్రం నుండి నల్లబడుతున్న నూనెను అక్కడ కొలిచేదెవరు?

కరకరలాడే రుచికి మనం ఎవరినీ ఆశ్రయించనక్కరలేదు. ఓరుగల్లు ప్రాంతపు సర్వపిండిని చూడండి. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి, గిన్నెలో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో కాస్త నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగమీద కాలుస్తారు. మూకుడు నిండా నూనె లేకుండానే అడుగు కరకరలాడుతుంది.

ఇక ఆ సోదరికి నా సమాధానం. ఇంట్లో పాంకో ఉంటే పారవేయవద్దు. లేకపోతే కొననూవద్దు, నిన్నటి జొన్నరొట్టెను ఎండబెట్టి చిదిమినా పని జరుగుతుంది. ముక్కలకు పలుచగా అద్ది, పెనంమీద రెండు చెంచాల నూనెతో రెండు వైపులా కాల్చండి. ఆ పొడి జొన్నదైనా మైదాదైనా పిండిపదార్థమే కనుక, మధుమేహం ఉన్నవారు ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించుకోవాలి.