ఆ ఫస్టు ప్రైజు నాది!

"అమ్మా! రేపు సౌరకుటుంబం పట్టుకెళ్లాలి!"

రాత్రి తొమ్మిదిన్నర. అంట్లు తోమి, పొయ్యి గట్టు తుడిచి, పొద్దుటికి ఇడ్లీ పిండి కలిపి మూత పెడుతున్న వేళ మావాడి నోట్లోంచి ఊడిపడిన మాట ఇది. వాడు అయిదో తరగతి. టీచరు వారం క్రితమే చెప్పిందిట. క్లాసు వాట్సప్ గ్రూపులోనూ పెట్టారట. చూసుకోకపోవడం నా తప్పేననుకోండి. కానీ ఆ గ్రూపులో రోజుకెన్ని గుడ్‌మార్నింగులు వస్తాయో మీకు తెలియనిదా?

ఆ తర్వాత ఏం జరిగిందో ఏ అమ్మకీ విడమర్చి చెప్పక్కర్లేదు. మావారు చెప్పులేసుకుని వీధి చివర ఫ్యాన్సీ షాపుకి పరుగెత్తారు. సగం దించిన షట్టరు కింద నుంచి థర్మోకోల్ బంతులు తెచ్చారు. అలంకరణకి థర్మోకోల్ వాడకూడదని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. 'ప్లాస్టిక్ వద్దు' అని పిల్లల చేత ఛార్టులు వేయించే స్కూలే ప్రాజెక్టుకి మాత్రం థర్మోకోల్ అడుగుతుంది!

సరే, రంగులు. గేటుకి వెయ్యగా మిగిలిన పెయింటు ఉంది కదాని గురుగ్రహానికి అదే పూశాను. అందులో కలిపిన థిన్నరుకి థర్మోకోల్ కరిగిపోతుందని నాకేం తెలుసు! చూస్తూండగానే గురుగ్రహం గుంటలు పడిపోయింది. మళ్లీ పోస్టర్ రంగులు వెతికి మొదటికొచ్చాను. మా చిన్నప్పుడు గ్రహాలు తొమ్మిది కదాని తొమ్మిదో బంతి తియ్యబోతే, 2006లోనే ప్లూటోని ఆ లెక్కలోంచి తీసేశారని మావాడు గుర్తు చేశాడు. ఆ రాత్రి వాడు చేసిన పని అదొక్కటే. పదింటికి సోఫాలో నిద్రపోయాడు.

పాత శుభలేఖ గుండ్రంగా కత్తిరించి, దానికి జరీ దారం చుట్టి శనిగ్రహానికి వలయం తొడిగేసరికి పన్నెండున్నర. చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

ఫస్టు ప్రైజు వచ్చింది. రాకేం చేస్తుంది!

మావాడు సర్టిఫికెట్టు బల్ల మీద పడేసి, బూట్లు విప్పుకుంటూ "అది నీదేలే అమ్మా" అన్నాడు. కోపంగా కాదు. టిఫిను డబ్బా నీదే అన్నట్టు మామూలుగా. ఇంకో సంగతి కూడా చెప్పాడు. వాడి స్నేహితుడు మట్టితో ఉండలు చేసుకొచ్చాడట. వాళ్లమ్మ నర్సు, ఆ వారమంతా రాత్రి డ్యూటీలు. పిల్లాడొక్కడే కూర్చుని చేసుకున్నాడు. భూమి సూర్యుడి కంటే పెద్దదయిపోయిందని క్లాసంతా నవ్వారట. వెనక వరసలో పెట్టారట.

"కానీ అమ్మా, వాడికి ఏ గ్రహం తర్వాత ఏదో చూడకుండా చెప్పడం వచ్చు. నాకు రాదు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ పరీక్ష ఎవరికి జరిగినట్టు? ఆ రాత్రి ఇంట్లో ఉండి, మూడు గంటలు మేలుకోగలిగిన తల్లికి ప్రైజు. డ్యూటీకి వెళ్లిన తల్లికి వెనక వరస. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని 2019లో ప్రభుత్వం చేయించిన సర్వే తేల్చింది. శనిగ్రహం వలయం ఏ పద్దు కింద రాసుకున్నారో మరి!

అలాగని తప్పంతా స్కూలు మీదకి నెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు భలే సరదాగా గడిచింది. మా అమ్మ వైరు బుట్టలు అల్లేది. నేను డిగ్రీలో గ్లాసు మీద బొమ్మలు వేసేదాన్ని. పెళ్లయ్యాక ఆ బ్రష్షుల పెట్టె అటక ఎక్కింది. కథ రాసుకోవడానికే మధ్యాహ్నం గంటసేపు దొంగతనంగా దొరకాలి, ఇక బొమ్మలెక్కడ? నా కోసం నేను పన్నెండున్నర దాకా లైటు వేసుకుని రంగులు పూస్తూ కూర్చుంటే ఇంట్లో ఎవరైనా ఊరుకునేవారా? పిల్లాడి ప్రాజెక్టు అనేసరికి మావారు కాఫీ కూడా పెట్టిచ్చారు! అంటే వాడి పనిని అడ్డం పెట్టుకుని నా ముచ్చట తీర్చుకున్నానన్నమాట. వాడి చేతుల్లోంచి లాక్కుని మరీ.

మా అత్తయ్యకి ఈ గొడవంతా విచిత్రంగా ఉంటుంది. "జొన్న దంటు చీల్చి, బెండుతో ఎద్దుబండి చేసుకునేవాళ్లం. తాటాకు బొమ్మలకి పెళ్లిళ్లు చేసేవాళ్లం. పెద్దవాళ్లెవరు పక్కన కూర్చున్నారమ్మాయ్? మార్కులెవరు వేశారు?" అంటారావిడ. చక్రం తిరక్కపోతే మళ్లీ చేసుకోవడమేనట.

టీచర్లకి పనెక్కువని నాకు తెలుసు. అయినా ఒక మాట. ఆ ప్రాజెక్టేదో క్లాసులోనే చేయించకూడదూ? మట్టి, పాత అట్టపెట్టెలు, గమ్ము చాలు. ఆ వంకర బొమ్మ ముందు వరసలో పెట్టి, ఎలా చేశావో చెప్పమంటే పిల్లాడికి ఏం వచ్చో అక్కడే తెలిసిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. బెజవాడ వాళ్లకి కొండపల్లి ఎంత దూరమని! తెల్లపొణికి కర్రని ముక్కలుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి రంగులేసే మనుషులు అక్కడున్నారు. ఒక్క పూట వాళ్ల పక్కన కూర్చుంటే, నేను చేసిపెట్టిన పది మోడళ్లకంటే ఎక్కువ నేర్చుకోడూ?

పోయిన నెల మళ్లీ ప్రాజెక్టు వచ్చింది. ఈసారి ప్రకాశం బ్యారేజీ. అటక మీద నుంచి నా పెట్టె దింపుకుని బల్లకి ఒక చివర నేను, రెండో చివర వాడు. నేను పాత గాజు సీసా మీద తీగె వేసుకుంటున్నాను. వాడు చెప్పుల అట్టపెట్టె కోస్తున్నాడు. అసలు బ్యారేజీకి 70 గేట్లు. వాడికి పదకొండు కోసేసరికి చెయ్యి నొప్పెట్టింది. స్తంభాలు తలో వైపుకీ ఒరిగాయి. నా చెయ్యి ఎంత లాగిందో ఆ దేవుడికే తెలుసు! గమ్ము సీసా అందించి ఊరుకున్నాను.

పొద్దున్నే ఆరకుండానే ఎత్తుకుపోయాడు. సాయంత్రం వస్తూనే సమాచారం: రెండు గేట్లు ఆటోలో ఊడిపోయాయిట. మిగిలిన తొమ్మిదీ తీసి మూసి చూపించాడట.