ఒక పూట మన కోసం

సాలార్‌జంగ్ మ్యూజియం చూశారా అని హైదరాబాదులో ఏ ఇల్లాలిని అడిగినా "చూడకేం! నాలుగైదుసార్లు వెళ్లాం" అంటుంది. ఎవరితో వెళ్లారు? ఊరినుంచి ఆడపడుచు వస్తే ఒకసారి, పిల్లల వేసవి సెలవుల్లో ఒకసారి, తోటికోడలి పుట్టింటివాళ్లు వస్తే ఇంకోసారి. చేతిలో మంచినీళ్ల సీసా, చంకలో పిల్లాడు, "అటు వెళ్లకండర్రా" అన్న కేకలు. ఇంతకీ ఏం చూశారంటే, గడియారం చూశామంటారు. అంటే చూపించడానికి వెళ్లామే గానీ, మనం చూడటానికి ఎప్పుడూ వెళ్లలేదన్నమాట!

అందుకే ఈ వారం ఒక సలహా. నచ్చిన స్నేహితురాలినో, పక్కింటి వదినగారినో తోడు చేసుకుని ఒక్క పూట మీ కోసమే వెళ్లిరండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆదివారం జనం ఎక్కువ. పిల్లలు బడికి వెళ్లే రోజైతే మేలు. పొద్దున్నే ఇంత పులిహోర కలిపి, పెరుగు తోడుపెట్టి ఉంచితే మధ్యాహ్నం ఎవరికీ ఇబ్బంది ఉండదు. "వెళ్లనా?" అని మాత్రం అడగకండి. "గురువారం నేను ఇంట్లో ఉండను, తాళంచెవి పక్కింట్లో ఇస్తాను" అని రెండురోజుల ముందే చెప్పండి. అడిగితే వంద అడ్డంకులు వస్తాయి. చెబితే వాళ్లే సర్దుకుంటారు.

మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, పెళ్లి చేసుకోకుండా జీవితమంతా ఈ వస్తువులు సేకరించాడు. 1949లో ఆయన పోయాక, 1951 డిసెంబరులో ఆయన భవనం దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. ఒక మనిషి జన్మంతా కూడబెట్టిన వాటిని ఒక్క పూటలో చూసేద్దామనుకుంటే కాళ్లనొప్పులే మిగులుతాయి. నాలుగంటే నాలుగే చూడండి, తీరిగ్గా చూడండి.

మొదట ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మను 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నాడు. ముఖంమీద మేలిముసుగు, దాని వెనక సిగ్గుపడే పెళ్లికూతురి ముఖం, రెండూ ఒకే రాయి! పక్కకు జరిగి మళ్లీ చూడండి. తర్వాత జంట కొయ్యబొమ్మ. ముందునుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, వెనకున్న అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా. ఒకే దుంగలో ఇద్దరు. పన్నెండు కాబోతుంటే గడియారం ముందు చోటు చూసుకోండి. గడ్డపు బొమ్మ బయటికొచ్చి పన్నెండు దెబ్బలూ కొడుతుంది. చివరగా రవివర్మ చిత్రాలు. మన పూజగదుల్లోని లక్ష్మీ సరస్వతుల పటాలకు ఒరవడి పెట్టింది ఆయనే. ఆయన వేసిన చీర కుచ్చిళ్లు చూస్తే అది పట్టో నూలో చెప్పేయొచ్చు. ఆ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మూడు గంటలకు ఆటో ఎక్కి చార్మినారు దగ్గర దిగండి, దూరమేమీ లేదు. అక్కడ ఇరానీ చాయ్. ఇరాన్‌నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు పెట్టిన హోటళ్లు కాబట్టి ఆ పేరు. అది మగవాళ్ల చోటని వెనకాడకండి, ఇప్పుడు ఆడవాళ్లూ దర్జాగా కూర్చుంటున్నారు. తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకు తినాలి. ఆలస్యం చేస్తే విరిగి కప్పులో పడుతుంది, జాగ్రత్త! అక్కడ కూర్చున్నంతసేపూ కూరల ధరలు, అత్తగారి ముచ్చట్లు వద్దని ముందే ఒట్టు పెట్టుకోండి. చూసినవాటిలో ఏది మనసుకు పట్టిందో, ఎందుకు పట్టిందో చెప్పుకోండి. మీ అభిప్రాయాన్ని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో అప్పుడు తెలుస్తుంది.

ఆ రుచి ఇంట్లోనూ కావాలంటే: రెండు కప్పుల నీళ్లలో మూడు చెంచాల టీపొడి, మూడు చెంచాల పంచదార వేసి, మూతపెట్టి, సన్నసెగమీద ఇరవై నిమిషాలు మరగనివ్వండి. పక్కన అరలీటరు చిక్కటి పాలు మూడోవంతు ఇగిరేదాకా కాచండి. కప్పులో ముందు డికాషన్ సగం, పైన పాలు. నలుగురికి సరిపోతుంది.

దూరపు ఊళ్లలో ఉన్నవారికి సాలార్‌జంగ్ అందకపోవచ్చు. మీ ఊళ్లోనూ ఒక పాత గుడి మండపమో, చిన్న మ్యూజియమో ఉండే ఉంటుంది. పక్కనే ఒక టీకొట్టూ ఉంటుంది. ఇంట్లో అందరికీ ఏం కావాలో చూసే కళ్లకు, నెలకో పూట తమకు నచ్చింది చూసుకునే హక్కు లేదంటారా?