రియాద్ నిలుపుకుంది, హైదరాబాద్ వదిలేసుకుంది

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక హైదరాబాద్‌ది కాదు. 2025 అక్టోబర్‌లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మార్చుకుంది. అంతకు మూడున్నరేళ్ల ముందే, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తిన జట్టు ఇది. సిటీబస్సు రూటు మారిస్తేనే ధర్నాకు కూర్చునే ఊరు మనది. జట్టుకు జట్టే లేచిపోతే మాత్రం పెద్దగా గొడవైనట్టు మా చెవిన పడలేదు.

ఎక్కడో సౌదీలో సైట్ల మీద పనిచేసుకునే వాళ్లకు ఈ గోల ఎందుకని అడగొచ్చు. కారణం ఉంది. రియాద్‌లో ఉన్నవాడికి ఫుట్‌బాల్ తప్పించుకోవడం సాధ్యం కాదు. బకాలాకు పాలప్యాకెట్ కోసం వెళ్లినా, పికప్ డ్రైవర్ పక్కన కూర్చున్నా, భాష రెండు ముక్కలు వచ్చిందని తెలియగానే అడిగే ప్రశ్న ఒకటే: ‘నువ్వు హిలాలీవా, నస్రావీవా?’ అల్ హిలాల్ మనిషివా, అల్ నస్ర్ మనిషివా అని. మన దగ్గర ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగినట్టే ఉంటుంది. ఏదో ఒకటి చెప్పాలి. ఏదీ కాదంటే నమ్మరు. ఆర్నెల్లు తిరిగేసరికి జగిత్యాల నుంచి వచ్చిన తాపీమేస్త్రీ కూడా నీలం చొక్కానో పసుపు చొక్కానో కొనుక్కుంటాడు. ఒక ఊరికి ఒక జట్టు ఇంతగా ఎలా అంటుకుంటుంది? మనకెందుకు అంటుకోలేదు? ఇది మమ్మల్ని చాలాకాలంగా తొలుస్తున్న సంగతి.

అల్ హిలాల్ పుట్టింది 1957 అక్టోబర్‌లో. అప్పటి రియాద్ ఇప్పటి రియాద్ కాదు. మంత్రిత్వ శాఖలన్నీ జెడ్డా వైపు నుంచి రాజధానికి తరలివస్తున్న రోజులవి. ఆటలో కూడా జెడ్డాయే పెద్దన్న. అక్కడి అల్ ఇత్తిహాద్ 1927 నాటిది. రియాద్‌లో అల్ షబాబ్ అనే జట్టు 1947లో మొదలైంది. అందులో పెద్దరికం చేసిన అబ్దుల్ రహ్మాన్ బిన్ సయీద్ విభేదాలొచ్చి బయటికొచ్చాడు. తోటివాళ్లను పోగేసి వేరే క్లబ్బు పెట్టాడు. దానికి పెట్టిన పేరు ఒలింపిక్ క్లబ్. 1958 డిసెంబర్‌లో రాజు సౌద్ ఆ పేరు మార్పించి ‘హిలాల్’, అంటే నెలవంక అని పెట్టించాడు. మూడేళ్లు తిరక్కుండానే 1961లో కింగ్స్ కప్ గెలిచింది. ఆ ఊరిదే అయిన అల్ నస్ర్ 1955లో మొదలైంది. వీళ్లిద్దరి కయ్యం ఈనాటిది కాదన్నమాట.

ఇప్పుడు అదే ఏళ్లలో హైదరాబాద్ సంగతి చూడండి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్ వరసగా ఐదేళ్లు మనదే. దాని వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సంతోష్ ట్రోఫీ 1956లో, 1957లో హైదరాబాద్ గెలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం దేశం మొత్తానికి తెలిసిన పేరు.

అంటే రియాద్ కుర్రాళ్లు మట్టి నేల మీద క్లబ్బుకు పేరేం పెట్టాలా అని చూసుకుంటున్నప్పుడు మనవాళ్లు ఆసియాకు ఆట నేర్పుతున్నారు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చామో లెక్క తేలాలంటే మొదటి అంకె సరిగా వేసుకోవాలి కాబట్టి రాస్తున్నాం.

రహీం సాబ్ 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయారు. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి తొమ్మిది నెలలే అయింది. 1982 ఢిల్లీ ఏషియాడ్ నాటికి త్రాసు ఎటు మొగ్గిందో తేలిపోయింది. క్వార్టర్ ఫైనల్‌లో మనల్ని 1-0తో ఇంటికి పంపింది ఈ సౌదీయే. మరి రెండేళ్లకు వాళ్లు ఆసియా కప్ గెలిచారు. 1994లో ప్రపంచకప్‌కు వెళ్లారు.

మధ్యలో ఏం జరిగింది? నూనె డబ్బు వచ్చింది, నిజమే. కానీ డబ్బొచ్చిన ప్రతి చోటా ఆట రాలేదు. వాళ్లు చేసిన పని ఏమంటే, 1976లో దేశమంతటికీ ఒక లీగ్ పెట్టారు. మొదటి టైటిల్ హిలాల్‌దే. 1978లో బ్రెజిల్ ప్రపంచకప్ వీరుడు రివెలినోను తెచ్చి నీలం చొక్కా వేశారు. ఆ కాలంలోనే కోచ్‌గా మారియో జగాలో వచ్చాడు. రొనాల్డో వచ్చాకే సౌదీలో ఫుట్‌బాల్ పుట్టిందనుకునే మన కుర్రాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే మంచిది. రొనాల్డో అల్ నస్ర్‌కు సంతకం పెట్టింది 2022 డిసెంబర్ ఆఖర్లో. రివెలినో వచ్చింది దానికి 44 ఏళ్ల ముందు.

పెద్ద పేర్లు తెచ్చినా ఆ నీడలో సొంత పిల్లలు ఎండిపోకుండా చూసుకున్నారు. నాలుగు ప్రపంచకప్‌లు ఆడిన సామీ అల్ జాబర్ హిలాల్ మనిషే. 2022 నవంబర్ 22న ఖతార్‌లో మెస్సీ ఉన్న అర్జెంటీనా మీద రెండు గోల్స్ కొట్టిన సాలే అల్ షెహ్రీ, సాలెం అల్ దవ్సారీ ఇద్దరూ హిలాల్ ఆటగాళ్లే. మర్నాడు దేశమంతటా సెలవు ఇచ్చారు. ఆసియా క్లబ్బుల కిరీటం 1991, 2000, 2019, 2021లలో నాలుగుసార్లు హిలాల్‌కు దక్కింది. దేశవాళీ లీగ్ 2024 నాటికి 19 సార్లు. ఆ 2023-24 సీజన్లో వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి ప్రపంచ రికార్డు పెట్టారు. 2025 జూన్ 30న ఓర్లాండోలో మాంచెస్టర్ సిటీని 4-3తో ఓడించారు. ఆ గెలుపుకు ఇక్కడ హారన్ల మోత మోగిపోయింది. తెల్లారి ఎండలో డ్యూటీ ఉన్నా, టీవీ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

ఇక్కడ నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. హిలాల్ వెనక మొదటి నుంచీ రాజకుటుంబాల అండ ఉంది. 2023 జూన్‌లో సర్కారు పెట్టుబడి నిధి పీఐఎఫ్, హిలాల్‌తో సహా నాలుగు క్లబ్బుల్లో 75 శాతం చొప్పున వాటా తీసుకుంది. అదే ఆగస్టులో నెయ్‌మార్‌ను తెచ్చారు. మోకాలు దెబ్బతిని ఏడు మ్యాచ్‌లు ఆడి 2025 జనవరిలో వెళ్లిపోయాడు. అంత సొమ్ము మన దగ్గర తగలేస్తే అసెంబ్లీలో మైకులు విరిగేవి. ఇక్కడి క్లబ్బులేమీ లెక్కల్లో సుద్దపూసలు కావు. ఆటగాళ్లకు బకాయిపడి కేసులు ఫిఫా దాకా పోతే, 2018లో సర్కారే డబ్బిచ్చి ఒడ్డున పడేసింది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నాలుగు ఆసియా కప్పులూ పీఐఎఫ్ రాకముందువే. డబ్బు తర్వాత వచ్చింది. ఊరు ముందే ఉంది. అప్పులు పెరిగినప్పుడు కూడా హిలాల్‌ను జెడ్డాకు అమ్మేద్దామని ఎవరూ అనలేదు. అంటే ఊరుకునేవాళ్లు కారు.

మన దగ్గర రాజుల్లేరు కదా అంటారు. హైదరాబాద్ ఆటను నిలబెట్టింది కూడా రాజులు కాదు, ఉద్యోగాలు. పోలీసు జట్టులో ఆడినవాడికి పోలీసు నౌకరీ ఉండేది. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న భరోసా ఉంటేనే మనిషి తొంభై నిమిషాలు పరుగెత్తగలడు. ఆ ఏర్పాటు సన్నగిల్లాక దాని చోట ఇంకోటి పెట్టలేదు. ఎప్పుడో 2019లో, పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్ కుర్రాళ్లను తీర్చిదిద్దాడు. మూడో ఏటికే కప్పు వచ్చింది. పునాదికి నీళ్లు కొట్టకుండానే పై అంతస్తు స్లాబ్ వేసిన కట్టడం అది. చూడ్డానికి బాగుంది, బరువు పడగానే బీటలిచ్చింది.

బరువు అంటే జీతాలు. జీతాలు ఆగాయి. ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలోనే ఒక్కొక్కరూ జట్టు వదిలిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో ఆడి పట్టికలో అడుగున తేలారు. ఈ భాగం చదివినప్పుడు మాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. జీతం ఆగిన క్యాంపు ఎలా ఉంటుందో గల్ఫ్‌లో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. మొదటి నెల ‘వచ్చేవారం’ అంటారు. రెండో నెల బకాలా వాడు ఖాతా ఆపేస్తాడు. మూడో నెల మంచి పనివాడు ఎవడి దారి వాడు చూసుకుంటాడు. టీవీలో కనిపించే ఆటగాడైనా రాడ్ బెండింగ్ చేసే పనివాడైనా చెమటకు రావలసిన డబ్బు ఒకటే.

అన్నిటికంటే మా మనసు కలుక్కుమన్నది ఇంకో సంగతికి. 2022-23 లీగ్ పట్టికలో ముంబై సిటీ మొదటి స్థానం, హైదరాబాద్ రెండోది. ఆ మొదటి స్థానంతో దక్కిన ప్లేఆఫ్ గెలిచి ముంబై ఆసియా చాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. 2023 అక్టోబర్ 23న ఇదే రియాద్‌కు వచ్చి హిలాల్‌తో ఆడింది. 6-0తో చిత్తుగా ఓడింది, అది వేరే విషయం. 2025లో గోవా జట్టు కూడా వచ్చి అల్ నస్ర్‌తో ఆడి వెళ్లింది. ఆనాడు ఒక్క మెట్టు పైకెక్కి, ఆ ప్లేఆఫ్ కూడా గెలిచి ఉంటే, రియాద్ స్టేడియంలో హైదరాబాద్ పేరు బోర్డు మీద వెలిగేదేమో. ఓడితే ఓడేవాళ్లం. బత్హా నుంచి బస్సులు కట్టుకుని వెళ్లి అరిచి గొంతులు పోగొట్టుకునేవాళ్లం. 2018 జనవరిలో ఆడవాళ్లకు కూడా స్టేడియం గేట్లు తెరిచారు కాబట్టి, కుటుంబంతో ఉన్నవాళ్లు పిల్లల్ని, భార్యల్ని కూడా తీసుకెళ్లేవాళ్లు.

2034 ప్రపంచకప్ సౌదీకి ఖాయమైంది. 2024 డిసెంబర్ 11న ప్రకటించారు. ప్రతిపాదించిన 15 స్టేడియాల్లో 8 రియాద్‌లోనే. ఆ కాంక్రీటులో మనవాళ్ల చెమట కూడా కలుస్తుంది. 2025 మార్చిలో అల్ ఖోబార్ స్టేడియం పనుల్లో ఒక పాకిస్థానీ ఫోర్‌మన్ పైనుంచి పడి చనిపోయాడు. ఇలాంటివి మరిచిపోయి హిలాల్‌ను పొగిడితే అన్యాయం అవుతుంది. ఎత్తు మీద పనిచేసేవాడి నడుముకు బెల్టు, ఆ బెల్టుకు గట్టి ఆధారం లేకుండా గోల్‌పోస్టు ఎంత అందంగా ఉన్నా ఒకటే. ఆ విషయం మీద విడిగా రాయాల్సింది చాలా ఉంది.

మళ్లీ హైదరాబాద్‌కు వద్దాం. జట్టు ఢిల్లీ వెళ్లిన రెండు నెలలకు, 2025 డిసెంబర్ 13న ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు వేసుకుని బంతి తన్నారు. జనం వేలల్లో వచ్చారు. ఆయన ఆట మీద మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, నిజానికి సరదాగానే ఉంది. మెస్సీ ఆ ఊరూ ఈ ఊరూ చూసుకుని వెళ్లిపోయాడు. శనివారం సాయంత్రం మన పిల్లవాడు చూడ్డానికి ఊళ్లో జట్టు ఏది? మైదానం లేదందామా అంటే గచ్చిబౌలిలో ఉంది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ అక్కడే జరిగింది. బెంగాల్, కేరళ ఆడాయి. మనం కుర్చీలు వేశాం.

ప్రభుత్వం వందల కోట్లు పోసి జట్టును కొనాలని మేం అడగడం లేదు. కాంట్రాక్టు పనుల్లో ఒక పద్ధతి ఉంది. పని మొదలుపెట్టకముందే కాంట్రాక్టర్ బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. మధ్యలో చేతులెత్తేస్తే ఆ సొమ్ముతో పని పూర్తి చేయిస్తారు. సర్కారు స్టేడియం వాడుకునే ఏ జట్టు యజమానినైనా ఒక సీజన్ జీతాలకు సరిపడా అలాంటి గ్యారంటీ ముందే కట్టమనాలి. అలాగే పేరు, రంగులు, ఊరు మార్చాలంటే సభ్యుల ఓటు ఉండాలని ఒప్పందంలో రాయించుకోవాలి. జర్మనీలో ఇది కొత్తేం కాదు. అక్కడి క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలో ఉండాలన్నది లీగ్ నియమం. ఒకటి రెండు మినహాయింపులున్నా అక్కడి స్టేడియాలు నిండుగానే ఉంటాయి.

సభ్యులెక్కడ దొరుకుతారంటారా? క్యాంపుల్లో నెలకు వందలమంది చేత చిట్టీలు కట్టించి పైసా తేడా రాకుండా నడిపేవాళ్లున్నారు ఇక్కడ. గుళ్లకు, బళ్లకు, ఊళ్లో బోరింగులకు చందాలు పంపిన చేతులే ఇవి. ఏడాదికి వంద రియాళ్ల సభ్యత్వం అంటే రాసేవాళ్లు రియాద్, దమ్మామ్, జెడ్డాల్లో బోలెడుమంది దొరుకుతారు. రసీదు మీద హైదరాబాద్ అని ఉండాలి, అంతే. తెలంగాణ క్రీడా శాఖ వారు గానీ ఫుట్‌బాల్ సంఘం వారు గానీ దీని మీద ఏమంటారో చెబితే, ఆ జవాబును ఇదే పేజీలో వేస్తాం.