కర్చీఫ్ వేశాం సరే, వెళ్తున్నామా?

పండక్కి ఊరెళ్ళే ఆర్టీసీ బస్సులు గుర్తున్నాయా? బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వచ్చి సీట్లో పడేది. పడిందంటే ఆ సీటు వాళ్ళదే. కానీ అందులోనూ ఓ న్యాయం ఉండేది. బస్సు కదిలేసరికి కర్చీఫ్ మనిషి రాకపోతే నిలబడ్డవాళ్ళెవరో దాన్ని పక్కకి జరిపి కూర్చునేవారు. సీటు మాత్రం ఖాళీగా వెళ్ళేది కాదు.

ఇక్కడ కాలిఫోర్నియాలో క్యాంపింగ్ స్థలాలకి మనం వేసే కర్చీఫ్‌ల దగ్గర ఆ న్యాయం కనపడదు. నా బాధంతా అదే.

యోసెమిటీ సంగతే చూడండి. లోయలో ఉన్న అప్పర్ పైన్స్‌కి బుకింగ్ నాలుగైదు నెలల ముందు, 15వ తేదీ ఉదయం 7 గంటలకి తెరుస్తారు. ఒకేసారి నెల రోజుల తేదీలు వస్తాయి. వేసవి వారాంతాలైతే నిమిషాల్లో అయిపోతాయి. ఒక్కో స్థలంలో పిల్లలతో కలిపి 6గురే ఉండాలి. మనం నాలుగు కుటుంబాలు లేనిదే కదలం కదా! అంటే 16 మంది, మూడు స్థలాలు. అందుకని వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళంతా తలా ఒక కంప్యూటర్ ముందు కూర్చుని దొరికింది దొరికినట్టు బుక్ చేసేస్తారు. ఎందుకైనా మంచిదని అదే వారాంతానికి వేరే పార్కులో ఇంకోటి కూడా.

బుక్ చేయడాన్ని నేను తప్పు పట్టను. అన్ని నెలల తర్వాత ఎవరికి ఏం పని పడుతుందో ఎవరికి తెలుసు? తర్వాత జరిగేదే నాకు నచ్చదు. ఒకరింటికి అత్తగారు వాళ్ళు వస్తారు, ఇంకొకరి పిల్లాడికి టోర్నమెంట్ పడుతుంది. రెండు కుటుంబాలు తప్పుకుంటాయి. బుకింగ్ మాత్రం ఎవరూ రద్దు చేయరు. "పోతే పోయిందిలెద్దూ, ఎంతని!"

ఎంతో చూద్దాం. అక్కడ రాత్రికి 36 డాలర్లు. రెండు రాత్రులకి 72. ముందుగా రద్దు చేస్తే 10 డాలర్లు పట్టుకుని 62 వెనక్కి ఇస్తారు. ముందురోజో, అదే రోజో రద్దు చేస్తే ఆ 10తో పాటు మొదటి రాత్రి డబ్బు పోతుంది. చెప్పాపెట్టకుండా మానేస్తే 20 డాలర్లు, మొదటి రాత్రి డబ్బు పోతాయి. అంటే ఆఖరి రోజున చెప్పినవాళ్ళకీ, అసలు చెప్పనివాళ్ళకీ తేడా 10 డాలర్లే! పైగా రానివాళ్ళ కోసం ఆ స్థలాన్ని మర్నాడు ఖాళీ చేసే వేళ దాకా అలాగే అట్టే పెడతారు.

ఈ లెక్క తిరగేయాలంటాను నేను. నెల ముందు రద్దు చేసేవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు. చెప్పకుండా మానేసేవాళ్ళకి మొత్తం పోవాలి. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో ఆలస్యంగా రద్దు చేస్తే ఎక్కువ పోయేలా 2023లో చట్టం తెచ్చారు. ఆ దారి మంచిదే.

"డబ్బు కట్టాం, మా ఇష్టం" అనేవాళ్ళున్నారు. మనం కట్టింది అక్కడ పడుకోవడానికి, ఇంకొకరిని పడుకోనివ్వకుండా ఆపడానికి కాదు. ఉదయం 7 గంటలకి ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న నర్సు ఆ బుకింగ్ పోటీకి రాలేదు. దుకాణంలో పనిచేసే ఒంటరి తల్లీ రాలేదు. ఎవరైనా రద్దు చేస్తే ఆ స్థలం మళ్ళీ సైట్లో కనిపిస్తుంది. వాళ్ళకున్న ఆశ అదొక్కటే. మనం ఖాళీగా ఉంచిన స్థలం వాళ్ళకి మాత్రం నిండిపోయినట్టే కనపడుతుంది.

ఇది ఆడవాళ్ళకే ఎందుకు చెప్తున్నానంటే, ట్రిప్ జరగదని ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది మనకే. పిల్లల పరీక్షలు, వచ్చే చుట్టాలు, ఎవరి ఒంట్లో ఎలా ఉంది, అన్నీ మన బుర్రలోనే ఉంటాయి. బుకింగ్ మాత్రం ఆయన ఫోన్లో ఉంటుంది. ఆయనేమో "చూద్దాంలే, ఇంకా టైముంది" అంటారు. ఆ "చూద్దాంలే" శుక్రవారం దాకా సాగుతుంది.

కాబట్టి ఆ పాస్‌వర్డ్ మీ దగ్గర కూడా పెట్టుకోండి. ప్రయాణానికి మూడు వారాల ముందు గ్రూపులో ఒకటే ప్రశ్న వేయండి: వస్తున్నారా, రావట్లేదా? ఆలోచిస్తాం అన్నవాళ్ళని రానివాళ్ళ లెక్కలోనే వేసి, అక్కర్లేని స్థలాలు అప్పటికప్పుడే వదిలేయండి. ఒకరిద్దరు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి. ఆ సాయంత్రం మనకి తెలియని ఏ అమ్మో ఫోన్ చూసుకుని, "ఒరేయ్, దొరికిందిరా!" అని పిల్లల్ని కేకేస్తుంది. దానికి 10 డాలర్లు ఎక్కువేం కాదు.